పదకొండో పాఠం

1. సోమవారం

ఏడాది అంకె వేయను. నేను ఈ ముద్రణాలయంలో చేరాక ఏడాదుల లెక్క మూడుసార్లు మొదటికి వచ్చింది. వారాల పేర్లను మాత్రం ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు. వాటితోనే సరిపెడతాను.

మా పర్యవేక్షకుడు రామబ్రహ్మంగారు పొద్దున్నే పిలిచి, ఎనిమిదో తరగతి చరిత్ర మళ్ళీ మారిందని చెప్పారు. చూపున్న పిల్లలకు అదొక పని కాదు. శనివారం బడి వదిలేటప్పుడు వాళ్ళ అద్దపు పలకల్లో ఒక చరిత్ర ఉంది, ఇవాళ బడి పెట్టేటప్పటికి ఇంకొకటి ఉంది. పాతది ఏమైందని అడిగేవాళ్ళు లేరు. కాగితం మీద పుస్తకమంటూ మిగిలింది మా గుడ్డివాళ్ళకే. మాకూ మాట్లాడే పలకలిచ్చి కాగితం మానిపిద్దామని రెండు ప్రభుత్వాలు చూశాయి. చెవితో నేర్చుకున్న పిల్లలకు ఒక్క మాటా తప్పు లేకుండా రాయడం రాదని అంధుల బడి మంగతాయారు టీచరు ఆఫీసుల చుట్టూ తిరిగి, పోట్లాడి, కాగితాన్ని నిలబెట్టింది.

నూట నలభై ప్రతులు కావాలి. గడువు నెలన్నర. పాతవన్నీ బళ్ళ నుంచి తెప్పించి తొట్లలో నానబెడతారు. ఆ గుజ్జుతోనే కొత్త పుస్తకానికి కాగితం చేస్తారు.

నా పని జింకు రేకు మీద బ్రెయిలీ చుక్కలు కొట్టడం. యంత్రానికి ఆరు మీటలుంటాయి. హుసేనమ్మ పలక చూసి చదువుతుంది, నేను కొడతాను. తప్పు పడితే ఆ చుక్కను చిన్న సుత్తితో తట్టి చదును చేసి మళ్ళీ కొట్టాలి. పన్నెండేళ్ళుగా ఆమె కళ్ళతో నేను చదువుతున్నాను, నా వేళ్ళతో ఆమె రాస్తోంది. ఆమెకు చుక్కలు రావు.

పాడైన కాగితాలు ఇంటికి తెచ్చుకుని, వాటి వెనక చేతి చట్రం పెట్టి సూదితో ఈ దినచర్య పొడుస్తున్నాను. మా ఇంట్లోగాని, ముద్రణాలయంలోగాని నేను తప్ప దీన్ని చదవగలిగినవాళ్ళు లేరు.

2. శుక్రవారం

ఇవాళ పదకొండో పాఠంలో పడ్డాం. పదకొండో పాఠమంటే గేట్ల రోజు.

ఇది మూడోసారి కొట్టడం. పద్నాలుగేళ్ళ కిందట సముద్రం తినేసిన లంకల నుంచి ఎత్తు ప్రాంతాలకు వచ్చిన జనం, కాలవలకు నీళ్ళు వదలమని ఆనకట్ట కింద ఎండిన నదిలో గుడారాలు వేసుకుని పందొమ్మిది రోజులు కూర్చున్నారు. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, ఇసకలో పొయ్యిలు పెట్టుకుని వండుకుంటున్నప్పుడు పైన గేట్లు లేచాయి. నీళ్ళడిగితే నీళ్ళిచ్చారని ఇప్పటికీ ఈ ఊళ్ళో గొంతు తగ్గించి అంటారు.

నదీమండలి వాళ్ళు ఏలినప్పుడు, దుండగులు గేట్లు పగలగొట్టబోతే ప్రమాదం జరిగిందని కొట్టాను. ప్రజాసభ వచ్చాక ఆ రేకులు పక్కన పడేసి, పోయిన నాలుగు వందల పన్నెండు మంది పేర్లూ ఊరూ వయసూ వరసగా కొట్టాను. రెండుసార్లూ చదివి వినిపించింది కొట్టాను. అంతే నా ఉద్యోగమనుకున్నాను. ఇప్పుడున్నది సుస్థిర ప్రభుత్వం. మండలిలో పనిచేసినవాళ్ళు సగం మంది ఇందులో ఉన్నారు. ఈ పాఠం ఎలా వస్తుందో నేను ముందే ఊహించుకున్నాను.

ఊహ తప్పింది. హుసేనమ్మ గేట్ల సంగతి మొత్తం చదివింది. ఆ తర్వాత పేర్లు మొదలుపెట్టింది. సాయంత్రానికి మూడు రేకులు నిండాయి. డెబ్బై ఒక్క మంది. పోనీ, ఈ ప్రభుత్వానికైనా కాస్త సిగ్గుందనుకున్నాను.

3. శనివారం

హుసేనమ్మకు కుడిచేతి బొటనవేలి గోరు పొడుగు. పలకలో పుట తిప్పినప్పుడల్లా ఆ గోరు అద్దానికి తగిలి టిక్కుమంటుంది. పన్నెండేళ్ళుగా వింటున్న చప్పుడది. రెండు మూడు నిమిషాలకొకసారి వినపడాలి.

ఇవాళ పొద్దున గంటంబావు సేపు ఆమె పేర్లు చదివింది. ఒక్క టిక్కు కూడా వినపడలేదు.

ఏమీ అడగలేదు. కొడుతూనే ఉన్నాను. ఇవాళ్టి నలభయ్యో పేరు దగ్గర, "దూదేకుల సైదులు, వయసు ముప్పై నాలుగు, నీళ్ళ బండి డ్రైవరు" అంది. సైదులు ఆమె భర్త. గుడారాలకు తాగునీళ్ళు తోలుకెళ్ళాడు. శవం దొరకలేదు. ఆ పేరు కూడా మిగతావాటిలాగే చదివి ముందుకు పోయింది.

ఇంటికి వచ్చాక మా అన్నను, నీ పలకలో ఎనిమిదో తరగతి చరిత్ర, పదకొండో పాఠం వినిపించమని అడిగాను. మా అన్న యేసుపాదం. అరవై మూడేళ్ళు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది అతనే. ఇప్పటికీ నాకు అన్నం వడ్డించి, కూర ఏ పక్క ఉందో చెప్పేది అతనే. కాసేపు తటపటాయించి పలక మాట్లాడించాడు. పాఠమంతా ఆనకట్ట పొడవు, గేట్ల సంఖ్య, సాగులోకి వచ్చిన ఎకరాలు. చివర్లో ఒక్క వాక్యం: ఆ ఏడాది వచ్చిన ఆకస్మిక వరదలో కొంత ప్రాణనష్టం సంభవించింది.

అన్న పలక ఆపేశాడు. మజ్జిగ పొయ్యనా అని అడిగాడు.

4. సోమవారం

రామబ్రహ్మంగారు గుజ్జు తొట్ల దగ్గరికి వెళ్ళినప్పుడు, పలకలో లేనిది చదువుతున్నావు కదా అని హుసేనమ్మను అడిగాను. ఆమె కాదనలేదు. ప్రజాసభ కాలంలో ఆ పేర్లు ఒకసారి ఇద్దరం కొట్టాంగా, అప్పుడే కంఠతా పట్టానంది. పలకలో రాసింది పలకలోనే పోతుందని అప్పుడే తెలుసునంది.

పట్టుబడితే ఏమవుతుందో తెలుసా అన్నాను. ఉప్పు కొటార్ల శిబిరమని తెలుసునంది. సముద్రం ఒడ్డున ఉప్పు తీయించే ఆ శిబిరానికి వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

"వొద్దంటే చెప్పన్నా, ఇప్పుడే ఆపేస్తా. నిన్ను ముంచి నేను తేలను. కాకపోతే ఒక్క మాట. ఆ గుడ్డిపిల్లలకి తప్ప ఈ దేశంలో ఇంకెవరికీ నేను చెప్పలేను. ఎవరికి చెప్పినా తెల్లారేసరికి మాయమైపోద్ది" అంది.

కొడదామన్నాను. ధైర్యంతో అన్నానని రాసుకోను. పోయిన రెండుసార్లూ ఎవరు ఏం చెబితే అది కొట్టాను. ఈసారి చెప్పింది హుసేనమ్మ. అంతవరకే ఆలోచించాను.

5. బుధవారం

పేర్లన్నీ అయ్యాయి. పదిహేడు రేకులు. బ్రెయిలీలో ఏ పుస్తకమైనా లావవుతుందని రామబ్రహ్మంగారికి తెలుసు కాబట్టి లెక్క చూసి ఊరుకున్నారు.

సాయంత్రం హుసేనమ్మ ఇంకో నాలుగు పేర్లున్నాయంది. ప్రజాసభ పుస్తకంలో కూడా వేయని పేర్లు. ఆ రోజు పైన గేట్లు ఎత్తిన నలుగురివి. అప్పట్లో ఆమె ఆనకట్ట ఆఫీసులో ఊడ్చే పనిచేసేది. పోయినవాళ్ళ కోసం తిరుగుతూ మర్నాడు ఆ గదిలోకి వెళ్తే డ్యూటీ పుస్తకం బల్ల మీదే ఉందట. నలుగురి సంతకాలూ చూసిందట.

"అందులో మీ అన్న ఉన్నాడు. ముందే చెబుతున్నా. నువ్వడిగినా నేను మాత్రం తీసెయ్యను" అంది.

అన్న ఆనకట్ట మీద పనిచేశాడని నాకు తెలుసు. ఆ రోజు సెలవులో ఉన్నానని చెప్పాడు. పద్నాలుగేళ్ళుగా ఆ మాట మీద నేను మళ్ళీ ఏమీ అడగలేదు. అడగకపోవడంలోనే నాకు తెలుసేమో.

ఆమె నాలుగు పేర్లూ చదివింది. నాలుగూ కొట్టాను. మూడోది: గుమ్మడి యేసుపాదం, ఏడో గేటు. పడిందా అని అడిగింది. పడిందన్నాను. అప్పటికది నిజమే.

ఇంట్లో అన్నం తింటూ అన్నను అడిగాను. నా కంచంలో మజ్జిగ పోశాడు. తర్వాత చెప్పాడు.

"ఫోనొచ్చింది. ఎత్తమన్నారు. కింద జనం ఉన్నారండీ అని మాలో పెద్దాయన ఒకసారి చెప్పాడు. ఎత్తమన్నారు. నలుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఎవడో ఒకడు నా వల్ల కాదంటాడని నేను చూస్తన్నా. ఆళ్ళు నా మొహమే చూస్తన్నారు. ఎవరూ అనలా."

కిటికీలోంచి పొయ్యిల పొగ కనపడిందని చెప్పాడు. పొగ ఒక్కసారే ఆరిపోయిందని చెప్పాడు.

పుస్తకం సంగతి నేను చెప్పాను. అతని అల్లుడు లంకల మనిషి. వాళ్ళ మేనత్త ఆ ఇసకలోనే పోయింది, ఆమె పేరు నూట అరవయ్యోది. గేటెత్తిన సంగతి తెలిస్తే తన కూతుర్ని అల్లుడు ఇంట్లో ఉంచుకోడని అన్న అన్నాడు. కొట్టొద్దని మాత్రం అనలేదు. నా కంచం తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టాడు. కడిగిన కంచాన్నే మళ్ళీ మళ్ళీ కడుగుతుంటే నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాను.

6. గురువారం

పొద్దున హుసేనమ్మ రాకముందే వెళ్ళాను. రేకు తీసి, మూడో పేరు వేలితో పట్టుకుని, సుత్తితో ఒక్కొక్క చుక్కా చదును చేశాను. ఇరవై రెండేళ్ళలో ఎన్నో తప్పులు దిద్దాను. ఒప్పును కొట్టేయడం ఇదే మొదలు. దాని మీద "పేరు తెలియని ఉద్యోగి" అని కొట్టాను.

హుసేనమ్మ వచ్చి, మీ అన్న పేరు రేకు మీద ఎక్కడుందో ఒకసారి చూపించమంది. నిన్న ఆ పేరు కొట్టించినందుకు తనకు నిద్ర పట్టలేదంది. నిజం చెప్పడానికి సరిగ్గా అదే సమయం. నేను ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టాను.

వేలితో మెల్లగా తడిమింది. "కష్టపెట్టాను గదన్నా నిన్ను" అంది.

7. మంగళవారం, ఆరు వారాల తర్వాత

అంధుల బడిలో కొత్త పుస్తకాల పంపకం. విద్యామంత్రి వచ్చాడు. మమ్మల్నిద్దర్నీ కూడా పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టారు. దండలూ ప్రసంగాలూ అయ్యాక మంత్రి పక్కన నిలబడ్డ పిల్ల చేతికి పుస్తకమిచ్చి, నీకిష్టమైన చోట తెరిచి చదవమ్మా అన్నాడు. పుస్తకం మధ్యకి తెరుచుకున్నట్టుంది.

ఆ పిల్ల గొంతు చక్కగా ఉంది. పేర్లూ ఊళ్ళూ వయసులూ తడబడకుండా చదువుతోంది. మొదట్లో సభలో జనం బహుమతులొచ్చిన వాళ్ళ పేర్లనుకున్నారు. ఒక ముసలామె, మా చెల్లెలు పేరు అంది, ఎవరితోనో అన్నట్టు. తర్వాత కుర్చీల కదలిక ఆగిపోయింది. పిల్లకు ఆ సంగతేం తెలుసు. ఇంకో ఆరు పేర్లు చదివేదాకా ఎవరూ ఆపలేదు.

నా పక్కన హుసేనమ్మ లేచి నిలబడింది. నా భుజం మీద చెయ్యి పెట్టి, వంగి, "నీకేం తెలవదు" అంది. నడిచి ముందుకు వెళ్ళిపోయింది.

8. గురువారం

నన్ను రెండు గంటలు అడిగారు. అధికారి గొంతు మర్యాదగానే ఉంది. ఆమె అంతా ఒప్పుకుందని, గుడ్డివాణ్ణి అడ్డం పెట్టుకుని మోసం చేశానని రాసిచ్చిందని చెప్పాడు. మీరేమంటారని అడిగాడు.

ఆమె చదివింది, నేను కొట్టాను, నాకేం తెలుసు అన్నాను.

ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే అన్న గుర్తొచ్చాడు. ఫోనొచ్చింది, ఎత్తమన్నారు. ఇద్దరం ఒకే బళ్ళో చదువుకున్నట్టున్నాం.

అధికారి నా చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దించాడు. హుసేనమ్మను అప్పటికే ఉప్పు కొటార్లకు పంపేశారని వాకిట్లో జవాను చెప్పాడు. రేకులు కరిగించారు. నూట నలభై పుస్తకాలూ తెప్పించి తొట్లలో వేశారు. రామబ్రహ్మంగారు తన చేత్తోనే లెక్కపెట్టారు.

9. ఆదివారం

మధ్యాహ్నం మంగతాయారు టీచరు మా ఇంటికి వచ్చింది. ఆమెకూ చూపు లేదు. కర్రతో దారి తడుముకుంటూ ఒక్కతే వచ్చింది. అన్న కుర్చీ వేసి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. వేళ్ళు పెట్టగానే తెలిసింది. నూట నలభైకి సరిపోయేలా దీని అట్ట ఊడదీసి, అందులో పాత లెక్కల పుస్తకం కుట్టి పంపానని చెప్పింది. బ్రెయిలీ రానివాళ్ళకు అట్టలే పుస్తకాలు కదా అంది.

తర్వాత పుస్తకంలో ఆ పుట తెరిచింది.

"గేట్లెత్తినవాళ్ళ పేర్లలో మూడోది గరుగ్గా ఉంది. కింద ఇంకోటి కొట్టి చదును చేశారు. మామూలు పిల్లలకు అందదు. నేను మూడు రోజులు తడిమాను. గుమ్మడి అన్నదాకా వచ్చింది, ఆపైన అందలేదు. మీ ఇంటిపేరేగా దేవసహాయంగారూ" అంది.

ఇంట్లో గ్లాసు కిందపెట్టిన చప్పుడైంది. అన్న గుమ్మంలో ఉన్నాడని నాకు తెలిసింది. ఆమెకు తెలియదు.

హుసేనమ్మా మీరూ కలిసి దాచారా అని టీచరు అడిగింది. లేదు, నేనే అన్నాను. ఆ అమ్మకు ఇందులో అబద్ధముందని తెలియదన్నాను. ఆమె వేలిని ఆ అబద్ధం మీద నేనే పెట్టానని కూడా చెప్పాను. టీచరు పుట మూయలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చట్రమూ సూదీ తీసుకున్నాను. ఆ వరస పక్కన ఖాళీ ఉంది. గుమ్మడి యేసుపాదం, ఏడో గేటు అని పొడిచాను. దాని కిందే, ఈ పేరు మొదట చెరిపినవాడు అతని తమ్ముడు దేవసహాయం అని పొడిచాను. టీచరు వేలితో చదువుకుని పుస్తకం సంచిలో పెట్టుకుంది. ఇది ఎక్కడుంచుతారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆమె వెళ్ళాక అన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఒక్క పుస్తకమేనా అని అడిగాడు. ఒక్కటే అన్నాను. అల్లుడికి కబురు చేసి తనే చెబుతానన్నాడు. ఆ తర్వాత హుసేనమ్మను ఎక్కడికి పంపారని అడిగాడు. చెప్పాను.

10. సోమవారం

పొద్దున్నే అన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఎక్కడికని అడిగితే ఠాణాకన్నాడు. హుసేనమ్మ చదివింది నిజమేనని, గేటు ఎత్తింది తనేనని రాసిస్తానన్నాడు. తనను లోపల వేసుకుని ఆమెను వదలమంటానన్నాడు. నేను ఆపలేదు. తలుపు దాకా వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాను, అంతే.

ఇవాళ ముద్రణాలయంలో నా పక్క కుర్చీలో కొత్త అమ్మాయి కూర్చుంది. పేరు చెప్పింది గాని నాకు ఎక్కలేదు. సరైన పదకొండో పాఠం చదివింది. సగం రేకు కూడా నిండలేదు. కొట్టాను.

సాయంత్రం ఐదు దాటాక అన్న తిరిగొచ్చాడు. నడకలోనే తెలిసింది, ఎవరూ పట్టుకోలేదని. చెప్పులు విప్పి గోడకానుకుని కూర్చున్నాడు.

పొద్దుటి నుంచి అక్కడే కూర్చోబెట్టారట. ఒక కుర్ర ఎస్సై పలక తీసి, ఏ రోజు, ఏ ఆనకట్ట అని అడిగి, మొత్తం వెతికాడట. టీ ఇప్పించాడట. పెద్దాయనా, మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు, ఇంట్లో ఎవరున్నారు అని అడిగాడట.

"ఆ రోజు గేట్లే ఎత్తలేదంటరా. వరదంట. ఎత్తని గేటుకి కేసెట్టా రాసేది అంటన్నాడు" అన్నాడు అన్న.

మరి హుసేనమ్మ సంగతి అడిగావా అన్నాను. అడిగాడట. ఆమె చేసింది నేరమేనట, అది పలకలో ఉందట.

అన్నం వండాలని ఇద్దరికీ తోచలేదు. వీధిలో దీపాలు పెట్టే బండి వెళ్ళిన చప్పుడైంది. అన్న లేచి, చొక్కా విప్పి, మడత పెట్టి కొయ్యకు తగిలించాడు.

రేపు మళ్ళీ వెళ్తానన్నాడు. అదే ఠాణానా అని అడిగాను.

"ఇంకోటి. ఎవుడో ఒకడు రాసుకోవాల గదరా" అన్నాడు.